మీ తమ్ముడు తెచ్చిన రద్దు కాగితం

సుశీలా,

ఈ రోజు నీ సంవత్సరీకం. మీ తమ్ముడు వచ్చి, ఓళిగలు రెండు తిని, చెయ్యి కడుక్కుని, జేబులోంచి కాగితం తీశాడు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు పడగొట్టి అతను కడుతున్న అపార్టుమెంటులో, నీ మోకాళ్ల నొప్పులకని మనం కొన్న కింది అంతస్తు ఇల్లు నేనే వద్దంటున్నానట అందులో.

"ఒంటి మనిషివి, నీకిల్లెందుకు బావా? సంతకం పెట్టు. నీ దుడ్డు నీకిస్తా," అన్నాడు. రేటు రెట్టింపైన సంగతి మాత్రం చెప్పలేదు.

"పెట్టకపోతే?"

"అక్కే పోయినంక మనకేం సుట్టరికం? మళ్లా ఈ గడప తొక్కను."

ఇల్లు కొన్నప్పుడు ఒప్పందం రిజిస్టరు చేయిద్దామని నేనంటే, "మా తమ్మున్నే నమ్మవా?" అని ఆనాడు నువ్వు అన్నం మానేశావు. నేను వినలేదు, చేయించాను. సాయంత్రం వకీలు ఆ ఒప్పందమే చూసి, "వాయిదాలన్నీ కట్టినారు. ఆయన ఇష్టానికి రద్దు చేసేకి లేదు సార్. ఇల్లే కావాలని, బిల్డర్ల సంగతి చూసే రెరాలో ఫిర్యాదియ్యండి," అన్నాడు.

ఫిర్యాదు మీద సంతకం పెట్టాను. నేను చదివిన పుస్తకాల్లో న్యాయం గెలిచాక కథ అయిపోతుంది. ఇక్కడ గెలిస్తే అతని గోడల మధ్యే బతకాలి, ఓడితే ఈ అద్దె గదిలో. నీవాళ్లంటూ నాకు మిగిలింది అతనొక్కడే.

వచ్చే ఏడు నీ తద్దినానికి నేనొక్కణ్ణే కూర్చుంటాను. ఓళిగలు మాత్రం రెండు ఎక్కువే చేయిస్తాను.