రెండు వెలక్కాయలు, ఒకే చప్పుడు

ఏమండీ,

ఈ రోజు మీ తిథి. పొద్దున్నే మీ ఫొటో ముందు దీపం పెట్టి బడికి వెళ్లాను.

మన చర్ల బడిలో మీ తర్వాత సైన్సు మాస్టరెవరూ నిలవలేదు. ఊరికొచ్చే గుంతల రోడ్డు చూసి భయపడి బదిలీ చేయించుకుంటున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గర పడ్డాయని, హెడ్మాస్టరు చలనం పాఠం తెలుగు టీచర్నైన నా చేతిలో పెట్టారు.

ఒకే ఎత్తు నుంచి ఒక వస్తువును ఊరికే వదిలి, అదే క్షణంలో ఇంకోదాన్ని తిన్నగా ముందుకు విసిరితే రెండూ ఒకేసారి నేలను తాకుతాయట. పెళ్లయిన కొత్తలో మీరిదే చెబితే నేను ఒప్పుకోలేదు. దూరం పోయేదానికి ఆలస్యం కాదా అని వడ్డించడం ఆపి మరీ వాదించాను. మీరు నవ్వి, పప్పు అడిగారు.

ఇవాళ పిల్లల్ని కింద నిలబెట్టి, రెండు వెలక్కాయలతో బడి డాబా ఎక్కాను. ఒకటి వదులుతూనే రెండోది ముందుకు విసిరాను. చప్పుడు ఒక్కటే వినిపించింది.

"టీచర్, రెండు ఒక్కసారే పడ్డయి. గట్లెట్ల?" అంది లక్ష్మి.

ముందుకు ఎంత వేగంగా పోతున్నా, భూమి రెండింటినీ కిందికి ఒకేలా లాగుతుందని మీరు చెప్పినట్టే చెప్పాను.

"ఇదంత మీకెవరు చెప్పిన్రు టీచర్?"

"మా ఆయన. సైన్సు సారు."

ఈ పిల్లలు బడిలో చేరేసరికి మీరు లేరు.

"ఆ సారు ఇప్పుడు ఏ బడిల చెప్తుండు?" అని అడిగింది లక్ష్మి.

"ఈ బడిలోనే" అన్నాను.