బెండకాయలు తుడిచే సీన్

ప్లేనో, మార్చి 9

ప్రియమైన అనుదీప్,

ఈ ‘ప్రియమైన’ అలవాటు కొద్దీ పడింది, మురిసిపోకు. ఫోన్ చేయొద్దు, ఎత్తను. నీ గొంతు వింటే నా కోపం నీరుగారిపోతుంది. కాగితం మీద ఆ ఆటలు సాగవు.

నిన్న పక్కింటి భావన వాళ్ళింట్లో అందరం కూర్చుని నీ సీరియల్ చూశాం. ఇన్నేళ్ళూ ఈ ఇంగ్లీషు సీరియల్స్‌లో టాక్సీవాడిగానో, తుపాకీ దెబ్బకి చచ్చే కొట్టువాడిగానో ఒక్క నిమిషం కనిపించేవాడివి. ఈసారి రెస్టారెంట్ నడిపే పెద్దాయనవి. మన దియ పొంగిపోయింది. అంతలో ఆ పెద్దాయనకి కొడుకు పోయాడని ఫోన్. నువ్వు ఫోన్ పెట్టేసి, బెండకాయలు ఒక్కొక్కటే గుడ్డతో తుడవడం మొదలుపెట్టావు. కోసేసిన ముక్కల్ని కూడా తుడిచావు.

అది నేను. మా నాన్న పోయారని తమ్ముడు ఫోన్ చేసిన రోజు నేను చేసిన పని. అప్పుడు నువ్వు సెలవుకి ఇక్కడికి వచ్చి ఉన్నావు, బజారుకి వెళ్ళి ఇంకా రాలేదు. వచ్చాక నీకొక్కడికే చెప్పుకున్నాను. నన్నొక్క మాట అడగకుండా లోకమంతా చూసేలా పెట్టావు! సిగ్గనిపించలేదూ? మిగతాది చూడలేక దియ చెయ్యి పట్టుకుని లేచి వచ్చేశాను.

రేణు

బర్బాంక్, మార్చి 16

ప్రియమైన రేణూ,

తిట్టు, పడతాను. కానీ మా పనే ఇది. లేని ఏడుపు ఎక్కడినుంచి తెమ్మంటావు? ఆ సీన్ చూసే నన్ను వచ్చే సీజన్ మొత్తానికి తీసుకున్నారు. ఇక నువ్వు ఉద్యోగం మానేసి, దియని తీసుకుని ఇక్కడికి వచ్చేయొచ్చు. మనం విడివిడిగా పడి ఉన్నది దీనికోసమేగా! ఇల్లు కూడా చూశాను. వంటింటికి పెద్ద కిటికీ ఉంది.

అసలు నువ్వు సగంలో లేచిపోయావు. చివర్లో ఆ తడిగుడ్డ తలమీద కప్పుకుని, అంచు పళ్ళతో పట్టుకుని నిలబడతాను. ఎవరూ అలా చేయరని డైరెక్టర్ తీసేయబోయాడు. నేను ఊరుకుంటానా? జరిగింది జరిగినట్టే ఉండాలని గొడవపడి ఉంచాను. నిన్ను వెక్కిరించలేదు, ఉన్నదున్నట్టు చూపించాను. రాజీనామా ఎప్పుడిస్తున్నావో రాయి.

నీ అనుదీప్

ప్లేనో, మార్చి 22

అనుదీప్,

ఈసారి ఆ మాట అలవాటుకైనా పడలేదు.

నీ ఉత్తరం చదివి ఆ చివర కూడా చూశాను. అచ్చం నేను చేసినట్టే ఉంది. మా నాన్న ఎండలో స్కూటర్ మీద వస్తూ తువ్వాలు తలమీద కప్పుకుని, అంచు అలాగే పళ్ళతో పట్టుకునేవారు.

బెండకాయల సంగతి నీకు చెప్పాను. గుడ్డ కప్పుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు, పిచ్చిదాన్నంటారని. ఆ గుడ్డ తీసేసి నేలమీద కూలబడ్డాక, చాలాసేపటికి నువ్వు కొత్తిమీర సంచితో వచ్చావు. ట్రాఫిక్ అన్నావు. “అయ్యో, నేను ఇంట్లో ఉన్నా బావుండేది రేణూ” అని నన్ను పట్టుకుని ఏడ్చావు. అది కూడా బాగానే చేశావు.

నువ్వు ఇంట్లోనే ఉన్నావు. వంటింట్లోకి తెరుచుకునే గరాజ్ తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డావు. నాలుగడుగులు వేస్తే నా దగ్గరికి వచ్చేవాడివి. ఆ సీన్ పాడవుతుందనుకున్నావా?

దొంగతనం అనుకుని మొదట తిట్టాను. దొంగతనమే అయితే ఎప్పటికో క్షమించేదాన్ని. రాజీనామా ఇవ్వను. దియని చూడాలనిపిస్తే రా, కూతురు నీకూ కూతురే. వీధి తలుపు దగ్గర బెల్ కొట్టి రా.

గరాజ్ కోడ్ మార్చేశాను.

రేణు