బఠాణీ పొడి డబ్బా

ఉల్రికాకి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం వేళకి తింటున్నాం, వేళకి పడుకుంటున్నాం. క్షేమమేనా అంటే మాత్రం ఈ ఉత్తరం చివరిదాకా చదివి నువ్వే చెప్పాలి. నార్విక్‌లో ఆ ఆసుపత్రి పనితో, రోజంతా నిలబడి నీ కాళ్లు వాస్తున్నాయన్నావు, తగ్గిందా? మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంటుంది, చూసుకుని దిగు. చూసుకోకుండా దిగే నేను ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పారు కానీ పిడికిలి ఇంకా బిగియడం లేదు. ఇవన్నీ ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఈ ఇంటి గోడలు పలచన. పక్క గదిలో నీ కూతురుంటుంది.

నువ్వు మూడు సంగతులు అడిగావు. ఎల్వీరా సరిగ్గా తింటోందా? ఆ చాక్లెట్ బార్లు ఎలా చెయ్యాలి? వేసవి సెలవుల తర్వాత పిల్ల నా దగ్గరే ఉంటుందా, నీ దగ్గరికి తీసుకెళ్లాలా? నాకు నిద్రపట్టనివ్వనిది ఆ మూడోది. కానీ మొదటి రెండూ చెప్పకుండా దానికి జవాబు రాయలేను.

బార్లకి, గింజ తీసిన ఖర్జూరాలు రెండు గుప్పిళ్లు వేడినీళ్లలో నానబెట్టి రుబ్బు. అందులో వేరుశనగ ముద్ద, ఓట్ల పిండి, కోకో, చిటికెడు ఉప్పు, రెండు కొలతలు బఠాణీ పొడి. కండ పట్టించేది ఆ పొడే. చేత్తో బాగా పిసికి, రేకు పళ్లెంలో కాగితం పరిచి అదుము. నల్ల చాక్లెట్ కొబ్బరినూనెతో కరిగించి పైన పోసి, గుమ్మం బయట మంచులో పెట్టు. అరగంటలో బిగుస్తుంది. మూత మరిచిపోకు, పిట్టలు పొడుస్తాయి. కత్తి వేడిచేసి కోస్తే అంచులు విరగవు. బఠాణీ పొడి వేస్తే నాలుకకి కొంచెం ఇసక తగిలినట్టుంటుంది. ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకో.

ఇక తిండి సంగతి. కిందటి ఆగస్టులో పిల్ల వీగన్‌ని అంటూ మాంసం, చేప, పాలు, గుడ్డు అన్నీ ఒక్కసారే మానేసిందని నీకు తెలుసు. అది స్కీయింగ్ క్లబ్బు వాళ్ల పరుగు సాధనలో కళ్లు తిరిగి పడిందని మాత్రం నీకు రాయలేదు. క్లబ్బులో మగపిల్లలు, "ఒరేయ్, గాలొస్తోంది, కుందేల్ని పట్టుకోండ్రా!" అని నవ్వేవాళ్లట. అది సోఫాలో కునుకు తీస్తే నేను ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. సెప్టెంబరులో ఈ బార్లు చెయ్యడం మొదలుపెట్టాను. చేసిన ప్రతిసారీ అడిగేది.

"ఇందులో ఏమేశావు అమ్మమ్మా?"

"తిను తల్లీ. అంతా మంచిదే."

జనవరిలో జిల్లా స్కీయింగ్ పోటీ గెలిచింది. బుగ్గలు నిండాయి. పతకం వేసుకుని మైకులో, "నా ఒంట్లో ఒక్క చుక్క పాలు లేవు. ఇప్పుడు చెప్పండ్రా కుందేలని!" అంది. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది నేనే.

ఉల్రికా, దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. ఆ బార్లలో బఠాణీ పొడి ఎప్పుడూ లేదు. కసరత్తులు చేసేవాళ్లు తాగే పాలపొడి వేశాను. నీలం సంచీ, మీద ఆవు బొమ్మ. కుట్టుమిషను పెట్టెలో దాచేదాన్ని. వారం వారం డబ్బాలోంచి బఠాణీ పొడి రెండు కొలతలు తీసి పొయ్యిలో పోసేదాన్ని, తగ్గినట్టు కనబడాలి కదా. పిల్ల బతికితే చాలనుకున్నాను. పాపమనిపించలేదు. నిజం చెప్పాలంటే, పిల్ల నమ్మి తింటుంటే నాకు సంతోషంగా కూడా ఉండేది.

చెయ్యి విరిగాక బార్లు అదే చేసుకుంది. నేను కుర్చీలో కూర్చుని చెప్పాను, అది కలిపింది. ముద్ద గరగరగా, పొడిపొడిగా వచ్చింది. కొరికి చూసి, "నీ చేతిలో నున్నగా వస్తుందేం?" అంది. చేతి మహిమ అన్నాను. ఆ వారంలోనే కుట్టుమిషను పెట్టె తెరిచి చూసిందని తర్వాత తెలిసింది.

అప్పటినుంచి శనివారం శనివారం నాకు రొట్టెలు చేసిపెట్టింది. పలచటి రొట్టెకి వెన్న రాసి, పొగబెట్టిన మాంసం పొరలు పరిచి చుట్టేది. రబ్బరు తొడుగులు వేసుకుని, మొహం పక్కకి తిప్పుకుని చేసేది. నాకోసం మాంసం ముట్టుకుంటోందే అని నాకు కళ్లు చెమర్చేవి.

"ఎంత మెత్తగా ఉంది! ఏం మాంసమే?"

"తిను అమ్మమ్మా. అంతా మంచిదే."

ఏడో శనివారం నేను తినడం అయ్యేదాకా ఆగి, నీలం సంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన మాంసం చుట్టిన కాగితం పెట్టింది.

"చదువు."

"కళ్లద్దాలు లేవే."

"అయితే నేను చదువుతా. గుర్రం."

వంటింటి గోడ మీద బ్లెండా ఫోటో నీకు గుర్తుండే ఉంటుంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ట్రాక్టరు కొనడం కోసం మా నాన్న ఆ గుర్రాన్ని కసాయికి అమ్మాడు. ఆరోజు నుంచి నేను ఆ మాంసం నోట పెట్టలేదు. ఆ కథ ఎల్వీరాకి నేనే చెప్పాను, ఒళ్లో కూర్చోబెట్టుకుని.

సింకు దగ్గరికి పరిగెత్తాను. అది నా వీపు నిమురుతూ నిలబడింది. "ఎందుకే ఇంత పగ? నీ ప్రాణం కోసం చేశానే!" అన్నాను.

"పతకం నాది కాదు అమ్మమ్మా, ఆవుది. ఇంకెప్పటికీ నాది కాదు." గొంతు పెంచలేదు. "నువ్వు ఇరవైరెండు వారాలు పెట్టావు. నేనింకా ఏడే పెట్టాను."

నెమ్మదిగా, ముద్దుగా చెప్పింది. నేను పిల్లకి మందు తాగించేటప్పుడు మాట్లాడే గొంతు అది.

ఇప్పుడు మూడో సంగతి. నీ దగ్గరికి వెళ్తావా అని అడిగాను. "నిన్నొదిలేసి ఎక్కడికెళ్తా? నీకు ఎవరు వండిపెడతారు?" అని నా నుదుటి మీద ముద్దు పెట్టింది. చెయ్యి ఇంకా పనికి రావడం లేదు. మూడు పూటలా దాని వంటే. సూపులో చెంచా పెట్టినప్పుడల్లా ఏమేశావని అడుగుతున్నాను. అదే జవాబు. ఉండమనడానికి భయం, తీసుకెళ్లమని రాయడానికి సిగ్గు. నువ్వు వచ్చి చూసి తేల్చు.

ఈ ఉత్తరంతో ఒక డబ్బా వస్తుంది. నీకోసం బార్లు చేసింది. "నన్నిక్కడ వదిలి వెళ్లింది కదా, అమ్మకి కూడా రుచి చూపించాలి" అంది. పంపకపోతే ఎందుకు పంపలేదని అడుగుతుంది, అందుకే పంపుతున్నాను. ఇవి నున్నగా ఉన్నాయి, ఇసక తగలడం లేదు. ముందు నేనొకటి తిని చూశాను. చాలా బాగుంది.

ఆ రొట్టెలూ చాలా బాగున్నాయి.

ఇట్లు,
నీ కన్నతల్లి
సీగ్‌బ్రిట్