యాదవ్వ కుంట

గార్ల, శుక్రవారం రాత్రి

నిన్న తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు చేశాం. వందల మంది తిన్న చోట వాసన పోవాలని, బడి మరుగుదొడ్లకు వాడే బ్లీచింగ్ పౌడర్ సంచి తెచ్చి చల్లింది నేనే. రోడ్డు కడిగిన నీళ్లు పక్కనున్న కుంటలోకి పోతుంటే, అందులో చేపలు పెంచుకునే యాదవ్వ అడిగింది: "సారూ, గీ మందుతోని చేపలకేం గాదా?"

"గన్ని నీళ్లల్ల ఇదెంతవ్వా" అన్నాను. సైన్సు చెప్పేవాణ్ని కదా, నమ్మింది. ఎండలకు కుంట ఎంత ఇంకిందో నేను చూడనే లేదు.

పొద్దునకల్లా చేపలన్నీ తెల్లగా తేలాయి. యాదవ్వ తిట్టలేదు. "మన నీళ్లు మనకే అని మైకుల జెప్పింది మీరే గద సారూ" అంది, అంతే.

సాయంత్రం సభలో మైకు మళ్లీ నాకే ఇచ్చారు. నీళ్ల మాట దగ్గరికి వచ్చేసరికి మైకు పక్కాయన చేతిలో పెట్టి దిగిపోయాను.