క్లిప్పు బూట్లూ, కొండ కనబడే మలుపూ

జూన్ 9, సోమవారం

నేను మునిరత్నమ్మ. వడమాలపేట పక్కన, మామిడి తోటల మధ్య మా ఊరు. నాకు చదువు రాదు. చెప్పేది నేను, రాసేది మా కోడలు కోమలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి, తన తెలివి కలపకూడదు. రేపు ఈ ఇంట్లో పంచాయతీ జరిగితే నా తరఫున మాట్లాడేది ఈ డైరీ ఒక్కటే.

సంగతి ఇది. పాడి ఉన్నన్నాళ్లూ సైకిల్ మీద పాల క్యాన్లు మోశాను. ఇప్పుడు ఆవులు లేవు, సైకిల్ ఉంది. ప్రతి శుక్రవారం దాని మీదే రేణిగుంటలో ఉండే మా చెల్లెలు గంగులమ్మ దగ్గరికి వెళతాను. దానికి మోకాళ్లు పోయాయి, అది రాలేదు. ఇద్దరం వక్కాకు వేసుకుంటూ చుట్టాలందరినీ ఒక్కొక్కరిగా ఉతికి ఆరేస్తాం. మా కొడుకు గిరి స్కూటర్ మీద తీసుకుపోతే అది కుదరదు. వక్క నలిగేలోపే వీధిలో హారన్ కొడతాడు.

పోయిన వారం వానలో చెప్పు జారింది. పెడల్ గిర్రున తిరిగి ముంగాలికి తగిలి తోలు లేచింది, కింద పడ్డాను. గిరి చూశాడు.

"ఇంకొక్కసారి పడినావంటే సైకిల్ అమ్మేస్తా మా. ఇంట్లో తొక్కే సైకిల్ తెస్తా. టీవీ చూసుకుంటా తొక్కుదువు."

ఎంత తొక్కినా గడప దాటని సైకిల్. దాని మీద గంగులమ్మ ఇల్లు ఎప్పటికి రావాలి?

అందుకే నా తీర్మానం: కాలు జారని బూట్లు, కాలిని పట్టుకునే పెడళ్లు. ఇక పడేది లేదు. ఆ రకం పెడళ్లు గిరి కూడా ఒకప్పుడు వేయించుకున్నాడు. లారీ అడ్డం వచ్చి పడ్డానని ఆ సైకిల్ అమ్మేశాడు. వాడికి చేతకాకపోతే నాకూ చేతకాదా?

జూన్ 10, మంగళవారం

తిరుపతి. ప్రేమానందం సైకిల్ షాపు. తోడు కోమలి.

ఆ పెడళ్ల పేరు క్లిప్‌లెస్ అట. అంటే క్లిప్పు లేనిదని కోమలి చెప్పింది. వంగి చూస్తే క్లిప్పు ఉంది. ఉప్పు లేని కూర అని చెప్పి ఉప్పు వేసి పెట్టినట్టుంది కదా అని అడిగాను. పాతకాలంలో కాలివేళ్ల మీద పంజరంలా ఒక క్లిప్పు ఉండేదట, ఇప్పుడు అది లేదు కాబట్టి ఆ పేరట. ప్రేమానందం చెప్పేటప్పుడు అతనికే నవ్వొచ్చింది.

మొదట గట్టి అడుగు బూట్లు చూపించాడు. అడుగున ఒక బిళ్ల బయటికి పొడుచుకుని ఉంది. వేసుకుని షాపులో నడిస్తే బాతు నడిచినట్టుంది. అవి సైకిల్ పందేలవాళ్లవి, నిమ్మళంగా తొక్కేవాళ్లకు ఇవి చాలని ఇంకో జత తెచ్చాడు. వీటికి రెండే స్క్రూలు, ఇనుప బిళ్ల అడుగు లోపలి గుంటలో దాక్కుంటుంది. దిగి నడవొచ్చు, గంగులమ్మ ఇంటి మెట్లు ఎక్కొచ్చు. ఇవే కావాలన్నాను.

మెట్టెలు ఒత్తుకున్నాయి. తీసేయమన్నాడు. మా ఆయన సుబ్రమణ్యం ఇంట్లో నిక్షేపంలా కూర్చుని ఉంటే మెట్టెలెందుకు తీస్తాను? మెట్టెలు పట్టే బూట్లు కావాలని ఇంతవరకు అతన్ని ఎవరూ అడగలేదట. చివరికి ముందు వెడల్పుగా ఉన్న ఎర్ర జత దొరికింది.

పెడళ్లు కూడా రెండు రకాలు. ఒకటి రెండు వైపులా బూటును పట్టేది. ఇంకోటి ఒక వైపు పట్టేది, మరో వైపు మామూలు చెప్పుతో తొక్కేది. కొత్తవాళ్లకు రెండోదే మంచిదన్నాడు. సగం పట్టే పెడల్ నాకెందుకు? పూర్తిగా పట్టేదే బిగించమన్నాను.

జూన్ 11, బుధవారం, సాయంత్రం

పెరట్లో గోడ పట్టుకుని సాధన. బూటు నొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. మడమ బయటికి తిప్పితే వదులుతుంది. ఎక్కడం వచ్చింది. దిగడం వచ్చింది. మా ఆయన పేపర్ దించి చూసి, మళ్లీ పేపర్ ఎత్తుకున్నాడు. ఆయన మెచ్చుకోవడం అంతే.

జూన్ 12, గురువారం

మల్లె పందిరి మీదికి వాలాను. కోమలి "పడింది" అని రాసింది, కొట్టేయించాను. పడటం వేరు, వాలడం వేరు. పందిరి గుంజ మాత్రం పడింది.

జూన్ 13, శుక్రవారం

మొదటి ప్రయాణం. తోటల పక్క రోడ్డు, చల్లగాలి. కాలు పెడల్‌ను తొక్కడమే కాదు, పైకి లాగుతోంది కూడా. వయసు వెనక్కి పోయిందనుకున్నాను.

తోటలు అయిపోయి రోడ్డు మలుపు తిరిగే చోట కొంచెం ఎడమ పక్కకు వాలాను. రోడ్డు మీదికి. మేక అడ్డం వచ్చింది.

గంగులమ్మ నా కాళ్లు చూసి వక్కాకు మింగేసింది. "ఏమ్మే అక్కా, పోలీసు ఉద్యోగం వచ్చిందా నీకు?" అంది. మొత్తం వీధికి వినిపించేలా.

జూన్ 17, మంగళవారం

అదే రోడ్డు, సాధన కోసం. అదే మలుపు, అదే పక్క. ఈసారి మేక లేదు. గాలి ఉంది. పెడల్‌లో బూటును పట్టే స్ప్రింగు బిగువు ఎక్కువైందేమోనని కూడా అనుమానం. బూట్లకు ఇంకా నా కాలు అలవాటు కాలేదు, తప్పు బూట్లదే.

మోచేతికి తలుపు తగిలిందని ఇంట్లో చెప్పాను. కోమలి తలుపు వంక, నా వంక చూసింది.

జూన్ 20, శుక్రవారం

రాయమ్మా. దాచేదేముంది.

మళ్లీ అక్కడే. టీ అంగడి ముందు. గాలి లేదు, మేక లేదు. స్ప్రింగు నిన్ననే వదులు చేయించాను. అంగట్లో ఎవడో ఫోన్ పట్టుకుని ఉన్నాడు. నేను ఇల్లు చేరకముందే నేను పడటం ఇల్లు చేరింది. వీడియోలో నేను ఎవరికో సెల్యూట్ కొట్టి, కొమ్మ విరిగినట్టు ఎడమ పక్కకు పడుతున్నాను.

గిరి ఆ వీడియో చూశాడు. సైకిల్ తీసుకుపోయి కొట్టంలో గుంజకు గొలుసు వేశాడు. సోమవారం కొనేవాడు వస్తాడట. ఇంట్లో తొక్కే సైకిల్ వరండాలో ఎక్కడ పెట్టాలో మా ఆయన కొలుస్తున్నాడు.

బూట్లు అటక మీద పడేశాను. బూట్లు వద్దు, సైకిల్ వద్దు, డైరీ వద్దు.

జూన్ 21, శనివారం

టీవీలో వంట చూశాను. ఆ పిల్లకు చింతపండు పిసకడం కూడా రాదు. ఇక చచ్చేవరకు ఇదే చూడాలి కాబోలు.

జూన్ 22, ఆదివారం

రాసుకో కోమలీ, ఇది ముఖ్యం.

గిరి నన్ను గంగులమ్మ దగ్గరికి స్కూటర్ మీద తీసుకుపోయాడు, బుజ్జగించడానికి.  తోటలు అయిపోయాయి. మలుపు వచ్చింది. అక్కడ చెట్లు పక్కకు జరిగి, ఎదురుగా ఏడుకొండలూ ఒక్కసారిగా కనబడతాయి.

గిరి స్కూటర్ నెమ్మది చేశాడు. ఎడమ కాలు చెప్పులోంచి పైకి తీశాడు. కుడి చెయ్యి నుదుటికి తాకించాడు. కొండ కనబడితే చెప్పు వదిలి మొక్కడం వాడికి నేర్పింది నేనే, ఇంత ఉన్నప్పుడు.

కిందికి చూశాను. నా ఎడమ కాలు బోసిగా ఉంది. నా చెప్పు వెనక రోడ్డు మీద పడి ఉంది.

"బండి ఆపరా" అన్నాను. ఆపాడు. చెప్పు కోసమనుకున్నాడు.

"నీకు లారీ యాడ వచ్చింది రా, ఆ పొద్దు?"

"ఎప్పటి మాట మా అది."

"యాడ?"

"ఈడే, ఈ మలుపులోనే."

"లారీ వచ్చిందా, కొండ వచ్చిందా?"

గిరి కొండ వైపు చూశాడు. వాడికి మీసాలు నెరుస్తున్నాయి, అయినా చిన్నప్పుడు వెన్న దొంగిలించి దొరికిన ముఖమే పెట్టాడు.

"కొండే మా" అన్నాడు. "కాలు తీద్దామంటే బూటు వదల్లా."

అదీ నా కేసు. నాకు ముసలితనం వచ్చి పడలేదు. మేక అబద్ధం, గాలి అబద్ధం. నిటారుగా ఎత్తిన కాలిని ఆ పెడల్ వదలదు, మడమ తిప్పితేనే వదులుతుంది. కొండను చూశాక మడమ ఎవరికి గుర్తుంటుంది? ఇది పడటం కానే కాదు, మొక్కడం.

గిరి వెనక్కి నడిచిపోయి నా చెప్పు తెచ్చి ఇచ్చాడు. గంగులమ్మ ఇంటి దగ్గర ఈ పొద్దు హారన్ కొట్టలేదు.

జూన్ 23, సోమవారం

కొనేవాడు వచ్చాడు. సైకిల్ అమ్మేది లేదని గిరే చెప్పి పంపేశాడు. ఒక షరతు పెట్టాడు: పడకుండా ఉండే దారి నేనే చూపించాలి. చూపించాను.

మళ్లీ ప్రేమానందం షాపు. ఒక వైపు మాత్రమే పట్టే పెడళ్లు కావాలన్నాను, మొదట వద్దన్నవి. కారణం చెప్పాను. అతను ఏసును నమ్ముకున్నవాడు, నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"సరే పెద్దమ్మా. ఎడమ కాలు స్వామికి, కుడి కాలు నాకు" అని బిగించాడు.

కుడి కాలికి ఎర్ర బూటు, పట్టే వైపు. ఎడమ కాలికి చెప్పు, చదును వైపు. కుడి కాలికి పట్టు ఉంటే వానలో పెడల్ తిరిగి ముంగాలికి కొట్టదు. మలుపులో ఎడమ కాలు చెప్పులోంచి లేస్తుంది, చెప్పు పెడల్ మీదే ఉంటుంది. పెరట్లో తొక్కి చూపించాను. మా ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టాడు. ఇంట్లో తొక్కే సైకిల్ మాట ఎవరూ ఎత్తలేదు. మిగిలిన ఎడమ బూటును తులసి పక్కన పెట్టి అందులో పుదీనా వేసింది కోమలి.

తీర్మానం మళ్లీ మొదలు. శుక్రవారం రేణిగుంట. ఒక బూటు, ఒక చెప్పు. గంగులమ్మ ఏమైనా అనుకోనీ. ఇక పడేది లేదు.

తిరిగొచ్చేటప్పుడు కొండ వీపు వెనక ఉంటుంది కదా, అప్పుడెట్లా మొక్కుతావత్తా అని కోమలి అడుగుతోంది. ఎప్పుడూ మొక్కేటట్టే, తల వెనక్కి తిప్పి.

అది రాయొద్దన్నాను. రాసేసింది.