దక్షిణం తలుపు

ఏమండీ,

మీరు బొమ్మ గీసిచ్చి ఆర్డరిచ్చిన బండి తయారైందని సింహాచలం ఫోన్ చేస్తే, ఈ పొద్దున నర్సీపట్నంలో అతని వెల్డింగ్ షెడ్డుకి వెళ్ళాను. కారు వెనక తగిలించుకుపోయి అందులోనే పడుకునే బుల్లి బండి, అచ్చం నీటిబొట్టులాగే కుదిరింది. వంటగట్టు మీరు చెప్పినట్టే వెనక వచ్చింది. చుట్టూ తిరిగి చూస్తే తలుపు ఒక్కటే ఉంది. రెండోదాని మీద రేకు వేసి అతికేశాడు.

"అది దచ్చినం తలుపమ్మా. మంచిది కాదని మూసీసినాను" అన్నాడు.

చక్రాల మీద తిరిగే బండికి దక్షిణం ఎక్కడుంటుందని అడిగాను.

"నా షెడ్డులో అది దచ్చినమే గదమ్మా" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. బండిని అడ్డంగా తిప్పి నిలబెడితే సరిపోయేది కదా అంటే, "ఆ మాట నాకు తట్టనేదమ్మా" అని తల గోక్కున్నాడు.

రాత్రుళ్ళు మీరు లేచినప్పుడల్లా నన్ను తొక్కుకుంటూ దిగాల్సి వస్తుందనే కదా, మీ వైపు వేరే తలుపు పెట్టమన్నారు. ఆ సంగతి విడమరిచి చెప్పాను. అంతా విని నెమ్మదిగా, "ఇప్పుడు మీరొక్కరే గదమ్మా, ఒక తలుపు సాల్దా" అన్నాడు.

ఆ రేకు కోసేదాకా కదలనని స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నాను. విసుక్కుంటూనే కోశాడు. సాయంత్రానికి మీ తలుపు తెరుచుకుంది.

రేపు ఇంటికి తెచ్చేస్తాను. వచ్చేముందు లోపల ఒకసారి పడుకుని చూశాను. పరుపంతా ఖాళీగానే ఉంది. నా వైపే పడుకున్నాను.