నాకు లేని గుండెజబ్బు

నాయనా,

ముందు నీ కడుపులో మంట ఎలా ఉందో రాయి. రాత్రి డ్యూటీ దిగి ఖాళీ కడుపున టీ తాగడం మానేశావా? నీ గదిలో ఉండే వంటాయన చెయ్యి కాలిందన్నావు, పొక్కు మానిందా, చీము పట్టిందా? చీము పడితే ఆయన తువ్వాలు నువ్వు వాడకు. మీ ఇంటి ఓనరావిడకు తల తిరగడం తగ్గిందా? ఆవిడ మెట్ల మీద పడిందంటే వాళ్ళు ఇల్లమ్ముకుని కూతురి దగ్గరికి పోతారు. అప్పుడు అంత తక్కువ అద్దెకి నీకు గది ఎవరిస్తారు? ఇలా ఒక్కొక్కరినీ తలుచుకుని దిగులు పడితేగానీ నాకు కూడు సహించదు, నీకు తెలుసు కదా.

ఇక్కడ నేను క్షేమం. ఎప్పుడూ ఈ మాట అలవాటుగా రాసేసేదాన్ని. ఈసారి డాక్టరుకి చూపించుకుని మరీ రాస్తున్నాను. ఎందుకో నిదానంగా చెప్తాను, మధ్యలో ఉత్తరం మడిచి పక్కన పడెయ్యకు. ఫోనులో అయితే నువ్వు "అసలు విషయం చెప్పమ్మా" అంటావు, అనగానే అసలు విషయం మర్చిపోయి నేను నీళ్ళ ట్యాంకు సంగతి ఎత్తుకుంటాను. కాగితం తొందరపెట్టదు. నాలుగో తరగతి చేతిరాత, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. వంటగదిలో పైపు కారడం ఆగింది. ఆగినందుకే నాకు భయంగా ఉంది, నీళ్ళు గోడ లోపలికి పోతున్నాయేమో. కరెంటు బిల్లు కట్టాను. కళ్ళద్దాలు మార్చలేదు, విరిగిన చోట దారం చుట్టాను, సూది బెజ్జం కనిపిస్తున్నంతకాలం ఇవి చాలు. చొక్కాల షాపువాళ్ళు బొత్తాల పని ఆపలేదు. పైన ఉండే కుట్టుమిషనావిడ చొక్కాలు కుడితే నేను బొత్తాలు వేస్తున్నాను. ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేసి నలుగురి కబుర్లు చెప్పుకుంటున్నాం.

బుడంకాయ నిన్ను అడుగుతోందా అని రాశావు. అడక్కేం. ముందు పళ్ళు రెండూ ఊడాయి, మాట్లాడితే గాలి పోతోంది. నాన్న లిఫ్టులన్నీ బాగుచేసేశాక వస్తాడా, మధ్యలో ఒకసారి వస్తాడా అంది. మధ్యలోనే వస్తాడన్నాను. లిఫ్టులన్నీ బాగుపడటం ఏ కాలానికి.

ఇక పాప ఖర్చు లెక్క తేల్చే ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చారా, చెప్పమన్నట్టే చెప్పావా అని కింద గీత గీసి మరీ అడిగావు. వచ్చారు. ఎవరొచ్చినా ఒంట్లో బాగుండటం లేదని చెప్పు, అంతకుమించి నోరు విప్పకు అని పోయినసారి రాశావు కదా. అది నేను రోజూ అనే మాటే, పెద్ద కష్టమేముందిలే అనుకున్నాను. కానీ ఆ ఆఫీసావిడ కంటే ముందు కోడలు వచ్చింది, ఆ సంగతి ముందు విను. కోడలు అనకూడదేమో ఇప్పుడు. మరేమనాలో నాకెవరూ చెప్పలేదు. అది ఇంకా నన్ను అత్తయ్యా అనే పిలుస్తోంది, నేనూ మార్చలేదు.

ఎప్పటిలాగే బ్రెడ్డు ఫ్యాక్టరీలో పని ముగించుకుని, బుడంకాయని దింపడానికి వచ్చింది. ఎప్పుడూ ఆ పిల్ల గుమ్మంలోంచే ఉరికి నా మీద పడుతుంది, నేను కుర్చీతో సహా వెనక్కి వెళ్తాను. ఆ రోజు గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఏమే, రావేం?" అన్నాను.

"మెల్లిగా రావాలంట. నీ మీద ఎక్కకూడదంట."

మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, నా రొమ్ముకి చెవి ఆనించి, తల్లి వైపు తిరిగి, "కొట్టుకుంటోందమ్మా ఇంకా" అని చెప్పింది.

నాకేం అర్థం కాలేదు. కోడలు చెప్పులు విప్పి నా పక్కన కూర్చుంది. "మీ గుండె సంగతి మాకెందుకు చెప్పలేదత్తయ్యా?" అంది.

"నా గుండెకేమైందే?"

"ఇంకా దాస్తారేం. మీ అబ్బాయి రాసిచ్చింది ఆఫీసులో చదివి వినిపించారు. గుండెకి మందులు, మోకాలికి ఆపరేషను, మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండటానికి ఆయా. అవన్నీ పోగా మిగిలిన జీతంలోంచే పాప భాగం చూస్తారంట. ఒప్పుకోకపోతే అభ్యంతరం రాసివ్వమన్నారు. నేనే వద్దన్నాను. మీ మందులు ఆపి దీనికి బూట్లు కొంటామా? ప్రాణం కదా. మేం ఎలాగో సర్దుకుంటాం."

అప్పుడు చూశాను పాప బూట్లు. ముందు భాగం బ్లేడుతో కోసేసి ఉంది, వేళ్ళు బయటికి వచ్చాయి. పాదం పెరిగింది, బూటు పెరగలేదు. "గాలి బాగా తగుల్తోంది నాన్నమ్మా" అని అదే నాకు సర్దిచెప్పింది.

నువ్వు నమ్ముతావో లేదో, నువ్వు అబద్ధం రాశావని నాకు అప్పుడు తట్టనే లేదు. పోయినేడు జ్వరమొస్తే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళావు కదా, డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి నీతో ఏదో మాట్లాడాడు. అదన్నమాట సంగతి అనుకున్నాను. నా బిడ్డ నాకు చెప్పలేక ఇంతకాలం కడుపులో పెట్టుకున్నాడు, అందుకే వాడికి కడుపులో మంట అనుకున్నాను. నీ మీద ఎంత జాలేసిందో.

మర్నాడే పైకి వెళ్ళి కుట్టుమిషనావిడకి అన్నీ అప్పగించాను. తాళంచెవి ఎక్కడ పెడతానో చెప్పాను, పాలవాడి బాకీ చెప్పాను, నా బొత్తాల డబ్బా నువ్వే తీసుకో అన్నాను.

ఆవిడ మిషను ఆపకుండానే, "ముందు డాక్టరుకి చూపించుకో పిన్నీ, పంపకాలు తర్వాత పెట్టుకుందాం. రేపు బతికితే నా డబ్బా నాకిమ్మంటావు, అదో రభస" అంది.

సరే, అదే ఆసుపత్రికి, అదే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుండెకి తీగలు పెట్టి చూశాడు, రక్తం తీయించాడు, మోకాళ్ళు వంచి చూశాడు.

"ఏం లేదు పెద్దమ్మా. కాస్త ఉప్పు తగ్గించండి."

"దాచకు బాబూ, నేను తట్టుకోగలను. మావాడికి ముందే తెలుసు."

"మీ అబ్బాయేం చేస్తాడు?"

"లిఫ్టులు బాగుచేస్తాడు."

"అయితే లిఫ్టుల సంగతి ఆయన్నడగండి, గుండె సంగతి నన్నడగండి. మీ గుండె నాకిచ్చి నాది మీరు తీసుకుంటానంటే ఇప్పుడే సంతకం పెడతాను."

నిరుడు నీకు లోపల ఏం చెప్పాడో కూడా అడిగాను. బిల్లు ఎక్కడ కట్టాలో చెప్పి ఉంటానన్నాడు.

నవ్వుకుంటూ వచ్చాను. ఇంటి మెట్లెక్కి, ఆయాసం కూడా రాకుండా రెండో అంతస్తు చేరి తాళం తీస్తుంటే అప్పుడు వెలిగింది నాకు. గుండెజబ్బు లేదు, ఆపరేషను లేదు. మరి ఆయా ఎవరు? నెలనెలా నీ దగ్గర జీతం పుచ్చుకునే నా ఆయా మొహం నేనూ ఒకసారి చూస్తే బాగుండుననిపించింది. బతికానన్న సంతోషం ఒక పూటైనా నిలవలేదు. తాళంచెవి చేతిలో పెట్టుకుని గుమ్మంలోనే చాలాసేపు కూర్చున్నాను.

ఆఫీసు మేడమ్ గురువారం వచ్చింది. నీకంటే చిన్నది. ఆ వేళకి నేను బట్టల తాడు కట్టుకుందామని స్టూలెక్కి ఉన్నాను. మంచంలో ఉంటాననుకుని వచ్చినట్టుంది, గుమ్మంలోనే ఆగిపోయింది. దిగి మంచినీళ్ళిచ్చాను.

"మీ ఆయా లేదా అమ్మగారూ?"

"నేనూ దాని కోసమే చూస్తున్నానమ్మా."

ఆవిడ నవ్వలేదు. అలసిపోయి ఉంది పాపం, రోజుకి ఎన్ని గుమ్మాలెక్కుతుందో. నువ్వు చెప్పమన్న మాట నా నాలిక చివర ఉంది, ఒంట్లో బాగుండటం లేదని. మింగలేక, కక్కలేక, "ఈ పిల్లల ఖర్చు లెక్క ఎలా కడతారమ్మా? ఆ తల్లికి అర్థమైనంత నాకు అర్థం కాలేదు" అని అడిగాను.

ఆవిడ నా బొత్తాల డబ్బా దగ్గరికి లాక్కుని దోసెడు తీసింది. "ఇది మీ అబ్బాయి జీతం అనుకోండి. ఇందులో పన్నులూ కోతలూ ఇవి" అని కొన్ని పక్కన పెట్టింది. "మీ మందులు, ఆయా జీతం, ఆపరేషనుకి కూడబెట్టేది ఇవి" అని ఇంకో పోగు పోసింది. "ఇక మిగిలినదాన్ని భాగాలు వేస్తాం. సంపాదించే మనిషికి రెండు. ఆయన మీద ఆధారపడినవాళ్ళకి తలా ఒకటి. మీకొకటి, పాపకొకటి. పాప తల్లి సంపాదించుకుంటోంది, ఆవిడకి భాగం లేదు, పైగా పాప ఖర్చులో ఆవిడ వంతు ఆవిడ పెట్టుకోవాలి. ఇంకా చిన్న చిన్న సర్దుబాట్లుంటాయి గానీ, మూలం ఇదే."

నా ఎదురుగా బల్ల మీద పోగులున్నాయి నాయనా. నా మందుల పోగూ, నా భాగమూ కలిపితే గుప్పెట్లో పట్టవు. పాప పోగు నా అరచేతి గుంటలో సరిపోతుంది. ఆ పిల్ల పళ్ళెంలో చెయ్యిపెట్టి నేను తింటున్నట్టు అనిపించింది.

ఇప్పుడు చెప్తున్నాను, ఇందాకటి నుంచి దాటేస్తున్న మాట. నేను నువ్వు చెప్పమన్నట్టు చెప్పలేదు.

"ఇది తీసెయ్యమ్మా" అన్నాను.

"ఏది?"

"నాది. నాకు ఏ జబ్బూ లేదు. నిన్ననే చూపించుకుని వచ్చాను."

"మందుల పోగు సరే. భాగం ఉండనివ్వండి. మీ ఇంటద్దెలో సగం ఆయన పంపుతున్నారు కదా, అది నిజమే కదా. న్యాయంగా మీకు రావలసిందే."

"అదీ వద్దు. బొత్తాలు కుట్టుకుంటున్నాను, వాళ్ళ నాన్న పించను కొంచెం వస్తుంది."

"తొందరపడకండి అమ్మగారూ. రేపు కళ్ళు ఆనకపోతే?"

నాకూ అదే భయం, రోజూ ఉండే భయం. అయినా, "అప్పుడు మావాడు చూస్తాడమ్మా. కాగితంలో రాసి ఉందని చూసే కొడుకు కాదు" అన్నాను. ఆ మాట ఒక్కటే తడుముకోకుండా అన్నాను.

తర్వాత దిగులంతా మీద పడింది. లేనిది రాసినందుకు నిన్ను లోపల వేస్తారా అని అడిగాను, రెండుసార్లు అడిగాను. ఆఫీసులో విచారణ రోజున నువ్వే వచ్చి, ఆ ఖర్చులు కొట్టేసి, ఉన్నవి ఉన్నట్టు రాసిస్తే దిద్దుబాటు కింద తీసుకుంటారట. రాకపోతే మాత్రం ఆవిడ ఆ రోజు చూసింది చూసినట్టు రాయక తప్పదు. స్టూలు సంగతితో సహా.

నువ్వు దుర్మార్గుడివని నేను అనుకోవడం లేదు. గదద్దె, బండి అప్పు వాయిదా, నువ్వు తినే ఆ హోటలు కూడు, ఇవన్నీ నాకు తెలుసు. ఎక్కడో ఒకచోట తగ్గించుకోకపోతే మునిగిపోతానని భయపడ్డావు. భయం నా వైపు నుంచే వచ్చింది నీకు, ఇంకెవర్నీ అనలేను. ఆ వాయిదాల కాగితాలు తీసుకురా, ఉన్న అప్పు చెప్పుకుంటే వింటారంది ఆవిడ. కోడలి మీద నీకు కోపముంటే ఉండనీ. మొగుడూ పెళ్ళాల తగవు వేరే గదిలో తేలుస్తారట, ఈ గదిలో పాప లెక్క ఒక్కటే చూస్తారట. నాకు ఆ మాట నచ్చింది.

నన్ను జబ్బుమనిషిని చేశావని కాదు నా బాధ. నేనే రోజుకి నాలుగు రోగాలు చెప్పుకుంటాను. పాప నన్ను ముట్టుకోవడానికి భయపడుతోంది, అదీ. మళ్ళీ వచ్చినప్పుడు నాకేం కాలేదే, ఎక్కు అన్నాను. బాగోలేదని నాన్న రాశాడు కదా, నువ్వు ఊరికే అంటున్నావు అంది. నా మాట కంటే నీ రాత మీద దానికి నమ్మకం. అది చెడగొట్టడానికి నాకు మనసు రాలేదు, నువ్వే చెప్పుకో. కోడలికి కూడా నేనింకా ఏమీ చెప్పలేదు. అదీ నీ వంతే.

ఈ ఉత్తరం చదివి నీకు అన్నం సహించదేమో. తిని చదువు. ముందే చదివేసి ఉంటే ఇప్పుడైనా తిను. నా మీద కోపమొస్తే ఫోనులో అరవకు, వచ్చి ఎదురుగా తిట్టు, నేను బొత్తాలు కుట్టుకుంటూ వింటాను.

విచారణ వచ్చే నెల పన్నెండో తేదీ, సోమవారం పొద్దున పదింటికి. ముందు రోజు బుడంకాయ నా దగ్గరే ఉంటుంది, కోడల్ని అడిగి ఒప్పించాను. నాన్న వస్తున్నాడని దానికి చెప్పేశాను కూడా, నిన్ను అడక్కుండా. పదకొండో తేదీ, ఆదివారం, సాయంత్రం ఐదింటి బస్సుకి నేనూ అదీ బస్టాండులో నిలబడి ఉంటాం.

ఇట్లు,
నీ కోపానికీ నీ ఆకలికీ ఒకేలా భయపడే
మీ అమ్మ